కొత్త టైర్లు వేయించాక హైబ్రిడ్ మైలేజీ ఎటు పోయింది?

2022లో మన మార్కెట్లోకి వచ్చిన హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుకు తోడు బ్యాటరీ, మోటారు ఉండే) కార్లు చాలావరకు ఇప్పుడు కంపెనీ ఇచ్చిన టైర్లు అరగ్గొట్టి, కొత్తవి వేయించుకునే దశకు వచ్చాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం టైర్లకే ఇచ్చాం.

ప్రశ్న: మాది గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్. 47,000 కిలోమీటర్లు తిరిగాక పోయిన నెల నాలుగు టైర్లూ మార్పించాం. అదే 215/60 ఆర్17 సైజు, పేరున్న కంపెనీవే. అంతకుముందు ఆఫీసుకు రాకపోకల్లో తెర మీద 22 చూపించేది. ఇప్పుడు 19.8 దాటడం లేదు. నేను నడిపే తీరు మారలేదు, బంకు మారలేదు. షాపువాళ్ళేమో 'కొత్త టైర్లు కదా సార్, నాలుగు రోజులు పోతే సెట్ అవుతాయి' అంటున్నారు. నిజమేనా? — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: సగం నిజం. మీరు పోయిందనుకుంటున్న 2.2లో కొంత అసలు పోనేలేదు. కొంత మెల్లమెల్లగా తిరిగొస్తుంది. మిగిలింది మాత్రం ఆ టైర్లు ఉన్నన్నాళ్ళూ రాదు. ఏది ఎంతో తేల్చుకోకుండా షాపుతో గొడవపడినా, తొందరపడి టైర్లు మళ్ళీ మార్పించినా నష్టం మీకే.

ముందు పోనిదాని సంగతి. కారు కిలోమీటర్లను కొలవదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కిలోమీటర్లుగా మార్చి చూపిస్తుంది. మీ సైజు టైరు కొత్తగా ఉన్నప్పుడు వ్యాసం దాదాపు 690 మిల్లీమీటర్లు. కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లనుకుంటే, అది 2కు వచ్చేసరికి చుట్టూ 6 మిల్లీమీటర్లు అరిగినట్టు, అంటే వ్యాసంలో 12 తగ్గినట్టు. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. లెక్క ప్రకారం తేడా 1.7 శాతం దాకా ఉంటుంది. అంటే మీ పాత టైర్లు 100 కిలోమీటర్ల దారిని దాదాపు 101.7గా చూపిస్తూ వచ్చాయి. తెర మీద 22 అని కనిపించినప్పుడు చేతికి వస్తున్నది 21.6 మాత్రమే. ఆ 0.4 ఎప్పుడూ మీది కాదు.

రెండోది కొత్త ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాళ్ళ రబ్బరు పొర. టైరు రోడ్డును ఆనుకునే చోటు అరచేయి అంతే ఉంటుంది. మీ టైరు కిలోమీటరుకు దాదాపు 470 సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ రబ్బరు ఆ అరచేయంత చోట నలిగి, చదునై, మళ్ళీ పైకి లేస్తుంది. నలిగేటప్పుడు తీసుకున్న శక్తినంతా లేచేటప్పుడు తిరిగివ్వదు, కొంత వేడిగా మార్చేసుకుంటుంది. చాలాదూరం నడిపాక టైరు మీద చెయ్యిపెడితే తగిలే వేడిలో ఎక్కువ భాగం అదే. దొర్లేటప్పుడు టైరు ఇలా తినేసే శక్తినే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. గాళ్ళ మధ్య రబ్బరు దిమ్మ 8 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు బాగా ఊగుతుంది, 2 మిల్లీమీటర్లకు అరిగాక ఊగడానికి అక్కడ రబ్బరే ఉండదు. అందుకే అదే కంపెనీ, అదే రకం టైరైనా కొత్తగా ఉన్నప్పుడూ, పూర్తిగా అరిగాకా చూస్తే రోలింగ్ రెసిస్టెన్స్‌లో 20 శాతం దాకా తేడా వస్తుంది. రోలింగ్ రెసిస్టెన్స్ 10 శాతం మారితే ఇంధనం ఖర్చు 1 నుంచి 2 శాతం మారుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ఆ లెక్కన మీకు 0.4 నుంచి 0.9 దాకా ఇక్కడ పోయి ఉంటుంది. షాపువాళ్ళు 'సెట్ అవుతాయి' అన్నది ఈ భాగానికి వర్తిస్తుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లలో కాస్త, తర్వాత ట్రెడ్ అరిగేకొద్దీ కాస్త కాస్తగా వస్తుంది. నాలుగు రోజుల్లో రాదు, పాత టైర్లు కూడా ఆ 22కు మూడేళ్ళు పట్టి చేరాయి. కారు కొన్న ఏడాది మీకు ఎంత వచ్చేదో గుర్తుంటే దాంతో పోల్చండి. కొత్త టైర్లతో పోల్చాల్సింది ఆ అంకెనే, పోయిన నెల అంకెను కాదు.

ఇక మిగిలిన ఒకటి, ఒకటింబావు. ఇది టైరు జాతికి సంబంధించింది, అసలు మాట్లాడుకోవాల్సింది దీని గురించే. హైబ్రిడ్ కారుకు కంపెనీ వేసే టైరు మైలేజీ కోసం ఏరికోరి పెట్టింది. కార్ల మైలేజీ తేల్చే సంస్థ ఏఆర్ఏఐ పరీక్షలో మీ కారుకు వచ్చిన 27.97 అలాంటి టైర్ల మీదే వచ్చింది. రబ్బరులో కార్బన్ బ్లాక్ కొంత తగ్గించి సిలికా కలిపితే టైరు తక్కువ వేడెక్కుతుంది, తడి రోడ్డు మీద పట్టూ పోదు. మిషెలిన్ 1992లో ఇలాంటి టైరు తెచ్చాక మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. బజార్లో మీకు దొరికింది మాత్రం ఎక్కువ కిలోమీటర్లు రావాలనో, గతుకుల రోడ్డుకు తట్టుకోవాలనో చేసినది అయి ఉండొచ్చు. టైరుగా అది మంచిదే, మైలేజీకి మాత్రం బరువు.

ఎంత బరువో వేసి చూద్దాం. మనుషులతో కలిపి కారు 1,500 కిలోలు అనుకోండి. తేలిగ్గా దొర్లే మంచి టైరు టన్నుకు 7 కిలోల నిరోధం ఇస్తుంది, మామూలు టైరు 10 ఇస్తుంది. అంటే మొదటిది కారును 10.5 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది, రెండోది 15 కిలోలతో. నాలుగున్నర కిలోల ఆ తేడాను 100 కిలోమీటర్లు లాక్కెళ్ళడానికి చక్రాల దగ్గర 4.4 మెగాజౌళ్ళ శక్తి అదనంగా కావాలి. లీటరు పెట్రోల్లో ఉండేవి సుమారు 32 మెగాజౌళ్ళు. హైబ్రిడ్ అందులో 35 శాతం చక్రాలకు చేరుస్తుందనుకుంటే, 100 కిలోమీటర్లకు 0.39 లీటరు అదనం. 22 ఇచ్చే కారు 20.25కు దిగుతుంది. టైర్లు 50,000 కిలోమీటర్లు నడిస్తే ఆ అదనం 196 లీటర్లు. లీటరు 108 రూపాయలనుకుంటే 21,000 పైమాటే. టైరుకు రెండువేలు తక్కువకు వస్తోందని కొనేముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

హైబ్రిడ్‌లకే ఈ బాధ ఎక్కువనే మాట చాలాచోట్ల వింటాం. ఇదే 4.4 మెగాజౌళ్ళను 14 ఇచ్చే మామూలు పెట్రోలు కారుకు వేసి చూడండి. దాని ఇంజను 25 శాతమే చక్రాలకు చేరుస్తుందనుకుంటే 100 కిలోమీటర్లకు 0.55 లీటరు పోతుంది, మైలేజీ 13కు వస్తుంది. లీటర్లలో చూస్తే నష్టం వాళ్ళకే ఎక్కువ, శాతంలో మీకు 8, వాళ్ళకు 7. అయినా 22 నుంచి 20.25కు పడితే గుండె గుభేలుమంటుంది, 14 నుంచి 13కు పడితే ట్రాఫిక్ మీదికి నెట్టేస్తాం. పైగా మీ కారులో ఆ అంకె ఎప్పుడూ కళ్ళముందే ఉంటుంది. అలాగని హైబ్రిడ్‌కు ప్రత్యేకమైన నష్టమే లేదని కాదు. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని హైబ్రిడ్ తిరిగి బ్యాటరీకి పంపుకోగలదు, టైరులో వేడైపోయినదాన్ని ఏ మోటారూ వెనక్కి తేలేదు. యాక్సిలరేటర్ వదిలాక ఇదివరకు రెండు వందల మీటర్లు సాగే కారు ఇప్పుడు నూట ఎనభైకే నెమ్మదిస్తే, మీరు మళ్ళీ కాలు వేస్తారు. బ్యాటరీ మీద వెళ్ళాల్సిన చోట ఇంజను లేస్తుంది. ఈవీ లైటు వెలిగే సమయం తగ్గిందేమో గమనించండి. తేడా ముందు అక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. తెరను నమ్మకండి. ఒకే బంకులో, అదే పంపు దగ్గర, మొదటి ఆటో కట్ దాకా కొట్టించి ఆపేయండి. మూత దాకా కొట్టించొద్దు. అలా వరసగా మూడు ట్యాంకులు కొట్టించి, మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి. ఈలోపు ఒకసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, దారి పక్కన ఉండే కిలోమీటరు గుర్తులను చూస్తూ 50 కిలోమీటర్లకు మీ ఓడోమీటరు ఎంత చూపిస్తోందో రాసుకోండి. దాంతో సవరించిన అంకె కూడా కారు కొత్తలో వచ్చినదానికంటే 5 శాతం పైన తక్కువ ఉంటే, గాలి, అలైన్‌మెంట్ చూపించండి. రెండూ సరిగ్గా ఉంటే అది టైరు గుణమే.

మళ్ళీసారి కొనేటప్పుడు షాపులో సైజు చెప్పి ఊరుకోకుండా, రోలింగ్ రెసిస్టెన్స్ ఎంతో అడగండి. మన బీఈఈ ఫ్రిజ్‌లకూ ఏసీలకూ ఇచ్చినట్టే టైర్లకూ స్టార్ లేబుల్ పెట్టింది, ఎక్కువ స్టార్లంటే తేలిగ్గా దొర్లేదని అర్థం. అన్ని టైర్లకూ ఆ లేబుల్ కనిపించదు. దిగుమతి టైరైతే యూరప్ లేబుల్ ఉండొచ్చు. అందులో ఇంధనం వరసలో 'ఏ' అంటే టన్నుకు 6.5 కిలోలు, అంతకంటే తక్కువ. 'సి' అంటే 7.8 నుంచి 9. 'ఇ' అంటే 10.6, ఆపైన. పక్కనే తడి రోడ్డు పట్టు అక్షరమూ ఉంటుంది, దాన్ని వదిలేసి మొదటిదొక్కటే చూడటం తప్పు. ఇంకో మెలిక ఉంది. కారుతో వచ్చిన టైరు పేరే బజారు టైరు మీద ఉన్నా, రెండూ ఒకటి కాకపోవచ్చు. కారు కంపెనీ కోసం చేసిన రకం వేరుగా ఉంటుంది. పాత టైరు సైడ్‌వాల్ (పక్కగోడ) మీది అక్షరాలన్నీ ఫోటో తీసుకెళ్ళి, అచ్చం అదే కావాలని అడగండి.

ప్రశ్న: టైర్లు మార్చాక షాపులో గాలి 40 పీఎస్‌ఐ పెట్టారు, 'హైబ్రిడ్ కదా, మైలేజీ వస్తుంది' అన్నారు. మా బావగారు నైట్రోజన్ పట్టించమంటున్నారు. బంకులో కుర్రాడు ఏం అడగకుండానే 30 కొట్టేస్తాడు. ఇంతకూ ఎంత ఉండాలి? — ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద ఉన్న స్టిక్కరులో రాసి ఉంటుంది. ఆ అంకె చల్లని టైరుకు. అంటే కారు కనీసం మూడు గంటలు నిలబడి ఉండాలి, ఎండ తగలకూడదు. టైరు సైడ్‌వాల్ మీద ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ గాలి, మీ కారుకు కావాల్సింది కాదు. షాపుల్లో చాలామంది తికమకపడేది ఇక్కడే.

టైరు రిమ్ అంచుకు కూర్చోవాలంటే బిగించేటప్పుడు ఎక్కువ గాలి కొట్టాలి. కూర్చున్నాక తగ్గించాలి. కొందరు తగ్గించడం మర్చిపోతారు, అడిగితే మైలేజీ కోసమంటారు. 40 పెడితే మైలేజీ కాస్త పెరిగే మాట నిజమే. కానీ టైరు ఉబ్బి నడిమధ్యన మాత్రమే రోడ్డును తాకుతుంది. బ్రేకు వేస్తే కారు ఆగే దూరం పెరుగుతుంది, మధ్యలో ట్రెడ్ త్వరగా పోతుంది, గుంతలో పడితే దెబ్బ నేరుగా సస్పెన్షన్‌కు తగులుతుంది. స్టిక్కరు అంకె మీద ఒకటి, రెండు పీఎస్‌ఐ ఎక్కువుంటే ఫర్వాలేదు. అంతకుమించి వద్దు.

తక్కువగా ఉంటే అసలు నష్టం. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే ఇంధనం దాదాపు 0.2 శాతం ఎక్కువ ఖర్చవుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. ఒక్క పీఎస్‌ఐ అంటే ఏమీ కాదనిపిస్తుంది. మన దగ్గర తగ్గేది ఒక్కటి కాదు, అదే సమస్య. ఉష్ణోగ్రత అయిదున్నర డిగ్రీలు మారితే గాలి దాదాపు ఒక పీఎస్‌ఐ మారుతుంది. మే నెలలో సాయంత్రం నాలుగింటికి, బెంజి సర్కిల్ దాకా నడిపి, బంకులో 33 పెట్టించారనుకోండి. అప్పుడు టైరులో గాలి 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. మర్నాడు తెల్లవారి 28 డిగ్రీల్లో చూస్తే 27 చిల్లర. డిసెంబరు పొద్దున 18 డిగ్రీలకు ఇంకో రెండు పోతాయి. టైరు తనంతట తాను నెలకు వదిలే ఒకటీ అరా దీనికి అదనం. 33 కొట్టించానన్న ధీమాతో మీరు 25 మీద నడుపుతుంటారు. అందులోనూ ఎండలో మీటరు 37 చూపిస్తోందని గాలి వదిలేయించడం ఇంకా పెద్ద తప్పు. వేడికి పెరిగిన గాలిని లెక్కలో ఉంచుకునే స్టిక్కరు అంకె ఇచ్చారు.

కాబట్టి ఒక సొంత గేజి కొనుక్కోండి, కొన్ని వందల రూపాయలే. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, కారు తీయకముందు చూడండి. ఇంటికి దగ్గరి పంక్చర్ షాపులో, ఒకటి రెండు కిలోమీటర్లు మించి నడవకముందే కొట్టించండి. తప్పనిసరై వేడి మీద కొట్టించాల్సి వస్తే స్టిక్కరు అంకెకు 4 కలిపి పెట్టించి, మర్నాడు పొద్దున సరిచేసుకోండి. బంకు మీటర్లు ఒకదానికొకటి రెండు మూడు పీఎస్‌ఐ తేడాగా చూపించడం మామూలే, అందుకే ఎప్పుడూ మీ గేజినే నమ్మండి. గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్ ఉంది కదా అని ఊరుకోవద్దు, చాలా కార్లలో నాలుగో వంతు గాలి పోయాక గాని ఆ లైటు వెలగదు. స్టెప్నీని మర్చిపోకండి.

నైట్రోజన్ మాటకొస్తే, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. తేమ లేకపోవడం, కాస్త నెమ్మదిగా తగ్గడం దాని లాభాలు. మైలేజీ ఇచ్చేది ఒత్తిడే, వాయువు పేరు కాదు. ఉచితంగా పడితే పట్టించుకోండి. తర్వాత మామూలు గాలి కలిపినా ఏమీ కాదు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. మా 2018 ప్రియస్‌కు నవంబరులో 195/65 ఆర్15 ఆల్-వెదర్ టైర్లు వేయించాం. గ్యాలనుకు 53 మైళ్ళు వచ్చేది, ఇప్పుడు 43. టైర్లు తిరిగి ఇచ్చేయమని మిత్రులు అంటున్నారు. ఇవ్వాలా? — ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు టైర్లూ చలీ ఒకే నెలలో తెచ్చుకున్నారు, నేరమంతా టైర్ల మీద పడింది. చలిలో హైబ్రిడ్ మామూలు కారు కంటే ఎక్కువ కోల్పోతుంది. 77 ఫారెన్‌హీట్‌తో పోలిస్తే 20 దగ్గర, ఊళ్ళో చిన్న చిన్న ప్రయాణాల్లో హైబ్రిడ్ మైలేజీ 30 శాతం పైన పడిపోవచ్చని అక్కడి ప్రభుత్వ సమాచారమే చెబుతోంది. హీటరు కోసం ఇంజను నడుస్తూనే ఉంటుంది, చల్లని బ్యాటరీ బ్రేకుల నుంచి వచ్చే కరెంటును పూర్తిగా తీసుకోలేదు, చలికాలపు పెట్రోల్లో శక్తి కూడా కొంచెం తక్కువ. గాలి కొట్టిన రోజున్న వాతావరణం కంటే ఇప్పుడు 30 ఫారెన్‌హీట్ తక్కువుంటే టైర్లలో మూడు పీఎస్‌ఐ తక్కువున్నట్టే. ముందు దాన్ని సరిచేసుకోండి.

ఆల్-వెదర్ టైరుకు మైలేజీ తక్కువన్నది కూడా నిజమే. సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు గుర్తు ఉందేమో చూడండి. అది ఉన్న టైరు చలిలో గట్టిపడకుండా మెత్తని రబ్బరుతో, లోతైన గాళ్ళతో, సన్నని కోతలతో చేస్తారు. మెత్తన, లోతు, కోతలు మూడూ రోలింగ్ రెసిస్టెన్స్‌ను పెంచేవే. మీరు ఆ డబ్బుకు మంచులో పట్టు కొన్నారు, కొంత ఇంధనం దానికి ఇవ్వక తప్పదు. నా మాటైతే, న్యూజెర్సీ చలికాలంలో రోజూ నడిపేవాళ్ళకు అది మంచి బేరమే. ఏప్రిల్ దాకా ఆగి, పోయిన ఏప్రిల్ అంకెతో పోల్చండి. అప్పటికీ మూడు నాలుగు మైళ్ళు తగ్గి ఉంటే అది టైరు వాటా.

అమెరికాలో టైరు మీద ఉండే ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ గ్రేడుల్లో ఇంధనం గురించి ఏమీ ఉండదు. ట్రెడ్‌వేర్ అంకె పెద్దదైతే మైలేజీ ఎక్కువని కొందరు అనుకుంటారు, అది టైరు మన్నిక మాత్రమే. కొనేటప్పుడు తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ రకమని కంపెనీ స్పష్టంగా చెప్పిందా అని చూడాలి. చక్రం ఎంత తేడా తెస్తుందో మీ కారు తమ్ముడినే అడగండి. 2023 ప్రియస్ ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో 17 అంగుళాల చక్రాల ఎల్ఈకి అక్కడి ప్రభుత్వ సంస్థ ఈపీఏ గ్యాలనుకు 57 మైళ్ళు ఇచ్చింది, 19 అంగుళాల ఎక్స్ఎల్ఈకి 52. ఇంజను అదే, బ్యాటరీ అదే. బరువు కాస్త తేడా ఉన్నా, ఆ అయిదు మైళ్ళలో పెద్ద వాటా చక్రాలదీ టైర్లదీ.

ప్రశ్న: అర్బన్ క్రూయిజర్ హైరైడర్ హైబ్రిడ్. కంపెనీ రకం టైర్లే వేయించాను, గాలి స్టిక్కరు ప్రకారమే ఉంది. 3,000 కిలోమీటర్లు దాటినా మైలేజీ 15 శాతం తక్కువ. స్టీరింగ్ కొంచెం ఎడమకు లాగుతోంది. — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 15 శాతం ఒక్క టైర్ల వల్ల రాదు, అదీ కంపెనీ రకమే వేయించాక. రెండు అనుమానాలు ఉన్నాయి.

మొదటిది అలైన్‌మెంట్. అందులోనూ టో. ముందు చక్రాలు రెండూ సమాంతరంగా లేక లోపలికో బయటికో చూస్తుంటే, టైరు దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. ఒక్క డిగ్రీ తేడా ఉంటే కిలోమీటరుకు 17 మీటర్లు పక్కకు రాసుకుంటున్నట్టు. కొత్త ట్రెడ్ మీద అరచేతిని అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి మెల్లగా రాయండి. ఒకవైపు నున్నగా, మరోవైపు రంపం పళ్ళలా గరుగ్గా తగిలితే టో తప్పింది. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ముందు, తర్వాత అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి. స్టీరింగ్ నిటారుగా పెట్టారో లేదో అక్కడే నడిపి చూడండి. అది సరిచేశాక కూడా ఎడమకే లాగితే ముందు టైర్లు రెండూ అటూఇటూ మార్పించండి (బాణం గుర్తున్న టైర్లయితే ఇది కుదరదు). లాగుడు కుడివైపుకు మారితే లోపం టైరులోనే ఉంది, అమ్మినవాళ్ళు మార్చి ఇవ్వాలి.

రెండో అనుమానం బ్రేకు పట్టేయడం. సముద్రం పక్క ఊళ్ళలో నేను ముందు చూసేది ఇదే. హైబ్రిడ్‌లో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది, డిస్కూ ప్యాడ్లూ ఎక్కువసేపు ఖాళీ. వాడకం లేక, ఉప్పు గాలికి, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి, ప్యాడు వెనక్కి రాకుండా డిస్కును రాసుకుంటూ ఉంటుంది. బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల రిమ్ మధ్యభాగం దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళండి. తాకొద్దు, కాలవచ్చు. ఒక చక్రం మిగతా మూడింటి కంటే బాగా వేడిగా ఉంటే దొంగ దొరికాడు. షాపులో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా సులువు. కాలిపర్ విప్పించి, పిన్నులు శుభ్రం చేయించి, బ్రేకుల కోసమే చేసిన గ్రీజు పెట్టించండి. మామూలు గ్రీజు రబ్బరు బూట్లను ఉబ్బిస్తుంది.

ప్రశ్న: హోండా సిటీ ఈ:హెచ్ఈవీకి 185/55 ఆర్16 టైర్లు సన్నగా కనిపిస్తున్నాయి. 17 అంగుళాల అల్లాయ్‌లతో 205/50 వేయించవచ్చా? — ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ సైజు వద్దు. ఇప్పటి టైరు వ్యాసం 610 మిల్లీమీటర్లు, 205/50 ఆర్17ది 637. నాలుగు శాతం పైన పెరుగుతుంది. స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకునే ప్రమాదమూ ఉంది. 205/45 ఆర్17 అయితే 616, ఒక్క శాతమే తేడా. సైజు వరకు కుదురుతుంది, మైలేజీ మాత్రం తగ్గుతుంది. వెడల్పుకు గాలి ఎక్కువ అడ్డుపడుతుంది, పెద్ద రిమ్ బరువును ప్రతి సిగ్నల్ దగ్గరా మళ్ళీ తిప్పాలి. సన్నని టైరు మీ కారుకు లోపం కాదు, మైలేజీ కోసం ఇంజినీర్లు తీసుకున్న నిర్ణయం. అయినా మార్చాలనుకుంటే లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) పాతదానికంటే తగ్గకూడదు, కంపెనీ వారంటీ మాట ముందే షోరూంలో తేల్చుకోండి.

ప్రశ్న: అరిగిన టైరుకే మైలేజీ ఎక్కువంటారు కదా, ఇంకో పదివేలు లాగించొచ్చా? లేదా ముందు రెండూ మార్చి సరిపెట్టుకోవచ్చా? — ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లాగించొద్దమ్మా. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది, వానకు అది చాలదు. గాడిలో నీళ్ళు పోవడానికి చోటు లేకపోతే టైరు నీళ్ళ మీద తేలుతుంది, అప్పుడు బ్రేకూ స్టీరింగూ రెండూ మీ మాట వినవు. గాడి అడుగున అడ్డంగా చిన్న దిమ్మలు కనిపిస్తాయి, సైడ్‌వాల్ మీద వాటికి ఎదురుగా త్రికోణమో టీడబ్ల్యూఐ అనో గుర్తు ఉంటుంది. ట్రెడ్ ఆ దిమ్మల ఎత్తుకు వచ్చేదాకా ఆగకండి. 3 మిల్లీమీటర్లకు వచ్చాక, జూన్ లోపే మార్చేయండి.

రెండే కొంటే కొత్తవి వెనక వేయించండి. చాలామందికి ఇది తిరకాసుగా ఉంటుంది, ముందు చక్రాలే కదా కారును లాగేవి అంటారు. తడి రోడ్డు మీద ముందు టైరు జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే తిరిగి పట్టు దొరుకుతుంది. వెనకది జారితే కారు గిర్రున తిరిగిపోతుంది. అందుకని మంచి పట్టు వెనకే ఉండాలి. అసలు ఆ పరిస్థితి రాకుండా 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పిస్తే నాలుగూ కలిసి అరుగుతాయి. చాలా హైబ్రిడ్‌లలో లాగడమూ, మోటారుతో ఆపడమూ ముందు చక్రాలే చేస్తాయి కాబట్టి అవే ముందు అరుగుతాయి.

కొనేటప్పుడు టైరు పుట్టిన తేదీ చూడండి. సైడ్‌వాల్ మీద చిన్న పెట్టెలో నాలుగంకెలు ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం. ఆరు నెలలు దాటినది చూపిస్తే వేరేది తెమ్మనండి. బిగించాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు తడి రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. అచ్చులోంచి టైరు ఊడిరావడానికి పూసే పదార్థం పైపొర మీద ఇంకా ఉంటుంది.